నాలుగో పాదంలో నేను నింపిన ఖాళీ

నేను వదిలేసి వచ్చిన ప్రాజెక్టులో కొత్తగా చేరినవాళ్ళు ఈ మధ్య ఫోన్ చేసి అడుగుతున్నారు: "అన్నా, పాటల ఛందస్సు పట్టే ప్రోగ్రాం నువ్వే రాసినవంట గదా, దాన్ని ఎట్ల వాడాలె?" ఎట్లా వాడాలో రాసిపెట్టిన కాగితం ఆఫీసు అల్మరాలో ఉంది. ఎట్లా వాడకూడదో మాత్రం నేను ఎక్కడా రాయలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఇంకా ముప్పై ఏళ్ళు రాలేదు, పెద్దవాడిలా నీతులు చెప్పే వయసు కాదు. కానీ ఆ పని మానేసి రెండేళ్ళు దాటింది కాబట్టి నా తప్పు గురించి కాస్త నవ్వుతూ చెప్పగలను.

మా ఆఫీసు గద్వాలలో ఒక బట్టల దుకాణం పైన అద్దె గది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్ళలో జనం పాడుకునే భక్తి పాటలు సేకరించి, వాటి ఛందస్సు, ప్రాస, నడక వివరంగా చూపిస్తూ ఒక పుస్తకం వెయ్యాలి. ఏ దేవుడి పాటైనా సరే. గదిలో మేం ముగ్గురం. ఒకరు సంపాదకుడు, తెలుగు లెక్చరర్‌గా రిటైరైన పెద్దసారు. రెండోది పేజీలు కట్టే అక్క, రాయచూరు వైపు పుట్టిన మనిషి, కోపమొస్తే కన్నడంలోకి దిగేది. మూడోవాణ్ణి నేను. వనపర్తిలో పాలిటెక్నిక్, ఆ తర్వాత కంప్యూటర్ డిగ్రీ. పుట్టింది తిమ్మాజిపేట దగ్గర, వేరుశనగ పండించే ఇంట్లో. ఉద్యోగం పేరు టెక్నికల్ అసిస్టెంట్, ఏడాదికోసారి కొత్త కాంట్రాక్టు.

నా పని నాలుగు మెట్లు. ఊరికి పోయి పాట రికార్డు చెయ్యాలి. రికార్డింగ్ శుభ్రం చెయ్యాలి. విని టైపు చెయ్యాలి. టైపు చేసినదాన్ని ప్రోగ్రాంలో వెయ్యాలి. అది ప్రతి అక్షరాన్నీ కొలుస్తుంది. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, పొడుగు అక్షరానికి రెండు. పాదాల్లో రెండో అక్షరం కలిసిందా లేదా అన్నది ప్రాస. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ దొరికిందా లేదా అన్నది యతి. సరిపోయిన పాదం పచ్చగా, సరిపోనిది ఎర్రగా కనిపిస్తుంది. చివరి గడిలో "లోపాలు" అని ఒక అంకె పడుతుంది. ఆ గడి పెట్టింది నేనే. అడగకుండానే పెట్టాను.

తెలకపల్లి దగ్గర ఒక ఊళ్ళో ఒక క్రైస్తవ కుటుంబం వాళ్ళ పాట గురించి తెలిసి వెళ్ళాను. పాట కట్టినాయన చనిపోయి అప్పటికి కొన్ని నెలలైంది. భార్య ఉంది, డెబ్బై దాటిన మనిషి. వయసులో ఉండగా భార్యాభర్తలిద్దరూ కూలీల గుంపుతో కలిసి దూరప్రాంతాల్లో ఆనకట్టల పనికి, కాలువల పనికి పోయినవాళ్ళు. ఆమె వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టింది.

"మా ఆయిన మూడో తరగతి సదివిండు సారూ. సదువు తక్వనే గని నోరు పెద్దది. పాట మాత్రం మస్తు కట్టెటోడు."

"ఎక్కడ కట్టిండు పెద్దమ్మా?"

"పనికాడనే. ఇంట్ల కూసుండి ఎవరు కడ్తరు?"

పాట ఎత్తుకుంది. పదకొండు చరణాలు. మొదటి చరణం ఇది:

రాళ్ళను మోసిన రాజువు నీవే
కాళ్ళకు దుమ్ముగ కలిసితి నేనే
ముళ్ళను తలపై మోసిన సామీ
నీళ్ళకు వచ్చితి నీకడ

నాకు వెంటనే ఒక సందేహం వచ్చింది. "పెద్దమ్మా, ఏసు సిలువ మోసిండు గని రాళ్ళెప్పుడు మోసిండు?"

"నేను గూడ గదే అడిగిన. 'మనతోని పనికి వస్తలేడా ఆయన? వచ్చినోడు ఊకె కూసుంటడా?' అన్నడు." నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పాడుతున్నప్పుడు నాలుగో పాదం చివర ఆమె ఆగేది. పెదవులు బిగించి, మెడ నిటారుగా పెట్టి, ఒక్క క్షణం కదలకుండా ఉండి, తర్వాతి చరణం మొదలుపెట్టేది. నేను అది చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. నా నోటుబుక్కులో "గమనికలు" అన్న వరసలో ఇలా రాసుకున్నాను: వయసు ఎక్కువ, ఊపిరి చాలడం లేదు. కొన్ని అక్షరాలు మందంగా పలుకుతోంది, పళ్ళు లేనందువల్ల కావచ్చు.

లేచి వస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అచ్చైతే ఆయిన పేరుంటదా?"

"ఉంటది పెద్దమ్మా."

"పేరు సరే. పాట ఆయిన పాడినట్లనే ఉంటదా? మందిరంల పిల్లలు మైకు పెట్టి ఇంగో తీర్గ పాడుతుండ్రు. మా గుంపుల నలుగురమే మిగిలినం. మేం పోతే సరిగ్గ పాడెటోళ్ళు ఉండరు. పుస్తకంల ఉంటే ఉంటది."

"ఉంటది" అని మళ్ళీ చెప్పాను. చెప్పేటప్పుడు ఆ మాటకు నా వైపు నుంచి ఏమీ ఖర్చు కాదనుకున్నాను.

గద్వాలకొచ్చి రికార్డింగ్ శుభ్రం చేశాను. కోళ్ళ అరుపులు, ట్రాక్టరు చప్పుడు తీసేశాను. ఆ శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉంది. ఎక్కడ నిశ్శబ్దం అర సెకను దాటితే అక్కడ దానంతట అదే కోసి అతికిస్తుంది. సమయం మిగులుతుందని అన్ని పాటలకూ అదే వాడేవాణ్ణి. ఈ పాటకూ వాడాను. పెద్దమ్మ ఆగిన చోట్లన్నీ పోయాయి. ఇక వింటే నాలుగో పాదం అయిన మరుక్షణమే కొత్త చరణం దూసుకొచ్చేది.

టైపు చేసి ప్రోగ్రాంలో వేశాను. మొదటి మూడు పాదాలు పచ్చగా మెరిశాయి. ఒక్కో పాదానికి నాలుగేసి మాత్రల ముక్కలు నాలుగు. "రాళ్ళను, కాళ్ళకు, ముళ్ళను, నీళ్ళకు" అంటూ ప్రాస. "రాళ్ళను"కు "రాజువు", "ముళ్ళను"కు "మోసిన" యతి జోడీలు. తెర పెద్దసారు వైపు తిప్పాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, బల్ల మీద వేలితో తాళం వేస్తూ చదివారు.

"ఇది మధురగతి రగడ కదయ్యా! పుస్తకాల్లో చదువుకున్న పండితులు రాసే నడక. మూడో తరగతి చదివిన కూలిమనిషి మట్టి మోస్తూ కట్టాడా దీన్ని?" ఆయన గొంతులో నేను అంతవరకూ వినని సంతోషం. తర్వాత వేలు ఆగింది. "నాలుగో పాదం ఎర్రగా ఉందేం?"

"నాలుగు మాత్రలు తక్కువ సార్."

"అన్ని చరణాల్లోనా?"

"అవును సార్. పదకొండింటిలో పదకొండు."

"మరి ఆమె ఏం పాడింది?"

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నేను ఇక్కడ చెప్పాల్సిన మాట "నాకు తెల్వదు సార్, పోయి అడిగొస్తా" అన్నది. నేను అన్నది వేరు: "పెద్దావిడ సార్, ఊపిరి చాలక చివరి మాట మింగేసింది. ఏదో దేవుణ్ణి పిలిచే మాటే ఉంటుంది." ఇందులో అబద్ధం ఎంత, ఊహ ఎంత అన్నది నేను ఇప్పటికీ లెక్క తేల్చలేదు.

ఆ సాయంత్రం ఒక పట్టిక వేశాను. నాలుగు మాత్రలు వచ్చే పిలుపులు: దేవా, తండ్రీ, ప్రభువా, యేసూ. ఒకే మాట పదకొండుసార్లు వస్తే విసుగని, వాటిని మార్చి మార్చి పెట్టాను. "నీళ్ళకు వచ్చితి నీకడ దేవా." అన్నీ పచ్చబడ్డాయి. "లోపాలు" గడిలో సున్నా పడింది. ఆ సున్నా చూసి టీ తాగడానికి కిందికి దిగాను. ఎంత హాయిగా తాగానో ఇప్పటికీ గుర్తుంది.

ఒకే తప్పు ఒకే చోట పదకొండుసార్లు జరిగితే అది తప్పు కాదు, ఏర్పాటు అయి ఉంటుంది. ఏ యంత్రం దగ్గరైనా మాకు నేర్పే మొదటి పాఠం అదే. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి కూడా. పాట దగ్గరికి వచ్చేసరికి అది గుర్తుకు రాలేదు. ముసలావిడ, చదువు లేదు, పళ్ళు లేవు. కారణం ముందే రాసిపెట్టుకున్నవాడికి ఇంకో కారణం ఎందుకు?

పెద్దసారు ముందుమాటలో ఈ ఒక్క పాటకే రెండు పేజీలు రాశారు. "నిర్దోషమైన రగడ" అన్నారు. అక్క పేజీలు కట్టింది. ప్రెస్సుకు పంపే ముందు మిగిలింది ఒకటే పని. పాట అచ్చు వేసుకోవడానికి ఒప్పుకున్నట్టు ఆ ఇంటివాళ్ళ వేలిముద్ర తేవాలి. పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేస్తే, తండ్రి పోయి ఏడాది అవుతోందని, ఆ ఆదివారం ఇంటి దగ్గర జ్ఞాపకార్థ కూడిక ఉందని, అప్పుడే రమ్మని చెప్పాడు.

వనపర్తి మీదుగా బస్సులు మారి పోయేసరికి ప్రార్థన అయిపోయింది. వాకిట్లో టెంటు, అన్నాలు తిని వెళ్ళిపోతున్న జనం. పెద్దమ్మ నన్ను లోపలివాళ్ళందరికీ చూపించింది. "మా ఆయిన పాట పుస్తకంల ఎక్కిస్తున్నది గీ సారే." ఆమె గుంపులో మిగిలిన ముగ్గురు ఆడవాళ్ళూ వచ్చారు, అందరూ ఆమె ఈడువాళ్ళే. ప్రూఫు కాగితం కోడలి చేతికిచ్చాను. ఆ అమ్మాయి డిగ్రీ చదివింది.

"సదువు బిడ్డా, మేం అందుకుంటం" అంది పెద్దమ్మ.

కోడలు రాగం తీసి చదివింది. మూడు పాదాలు నలుగురూ కలిసి పాడారు. ఆ నాలుగు ముసలి గొంతులు కలిసేసరికి టెంటు విప్పుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. నాలుగో పాదం "నీకడ" దగ్గర నలుగురూ టక్కున నోళ్ళు మూశారు. కోడలి గొంతు ఒక్కటే "దేవా" అని వాకిట్లో మిగిలింది.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె పకపకా నవ్వింది. "ఏందే పిల్లా, ఒక్కదానివే ఎటు పోతున్నవ్?"

"గిట్లనే ఉంది అత్తమ్మా, కాగితంల."

రెండో చరణం. మళ్ళీ అంతే. నలుగురూ మౌనం, కోడలు "తండ్రీ." మూడోదానికి నవ్వులు ఆగిపోయాయి. ఇందాక నవ్వినామె నా వైపు తిరిగింది. "ఏం సారూ, మా పాటకు తోకలెందుకు పెట్టినవ్?"

రెండో ఆమె అందుకుంది. "జీతం తీస్కుంటుండు గదనే, ఏదో ఒకటి పెట్టకపోతే ఎట్ల?"

నాలుగు మాత్రలు తక్కువవుతున్నాయని, లెక్క సరిపోవాలంటే అక్కడ ఒక మాట ఉండి తీరాలని వివరించబోయాను. పెద్దమ్మ మధ్యలో ఆపింది. అరవలేదు. "గీ మాటలు మా ఆయిన పెట్టలేదు నాయినా. ఎవరు పెట్టిండ్రు?"

"నేనే పెద్దమ్మా."

ఆమె కోడలితో "పెండ తట్ట పట్టుకరా పో" అంది. ఇనుప తట్ట వచ్చింది. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక కుప్ప గోడ పక్కన ఉంటే, కొడుకును పార తీసుకుని అక్కడ నిలబడమంది. గుంపు ఆడవాళ్ళలో ఒకామెను తట్ట పట్టుకుని వంగమంది. మిగిలిన ఇద్దరూ పాట ఎత్తుకున్నారు.

రాళ్ళను మోసిన రాజువు నీవే, ఒక పార. కాళ్ళకు దుమ్ముగ కలిసితి నేనే, రెండో పార. ముళ్ళను తలపై మోసిన సామీ, మూడో పార. నీళ్ళకు వచ్చితి నీకడ, పార కింద పడేసి కొడుకు ఒక వైపు, వంగినామె ఒక వైపు తట్ట పట్టారు. తట్ట పైకి లేచి నెత్తిమీది చుట్టబట్ట మీద కూర్చుంది. ఆ క్షణం ఆమె పెదవులు బిగిశాయి, మెడ నిటారైంది. ఊపిరి లోపలే ఉంది. తర్వాత రెండు అడుగులు వేసింది, కొత్త చరణం మొదలైంది.

నా నోటుబుక్కులో "ఊపిరి చాలడం లేదు" అని రాసుకున్నది సరిగ్గా ఇదే.

"గుంపుల ఇరవై జోడీలుంటే ఇరవై తట్టలు ఒక్కసారే లేవాలె" అంది పెద్దమ్మ. "ముందో ఎనకో లేస్తే తొక్కులాట. గందుకే పాట. ఎత్తేటప్పుడు నోరు తెరిస్తే దమ్ము పోతది."

"అయితే మొదటి నుంచి ఇక్కడ ఖాళీనే ఉండెనా?" అని అడిగాను.

ఆమె నాలుక కొంచెం బయట పెట్టి చూపించింది. అంచు మీద అడ్డంగా పాత గాటు. ఆమె మాట మందంగా ఉండడానికి పళ్ళు కారణం కాదు.

"లేదు నాయినా. మొదలు గీడ మాట ఉండె. 'దేవా' అనే ఉండె. నేను కొత్తగ పెండ్లయి పనికి పోయిన. పాట మీద మస్తు జోరుగున్న. మా ఆయిన తట్ట ఎత్తిండు, నేను నోరు తెరిచి 'దేవా' అంటున్న. బరువు కూసునేసరికి దవడ టక్కున పడ్డది. నాలుక తెగింది. దవాఖాన యాడిది ఆ అడవిల? నెల దినాలు గంజి నీళ్ళే తాగిన. తెల్లారి పనిల పాట ఎత్తుకున్నడు. నాలుగోది కొసకు ఆపేసిండు. 'గీడ మాట లేదు, ఇగ ఎన్నడు ఉండదు, అందరు నోర్లు ముయ్యుండ్రి' అన్నడు. దేవుని పేరు తీసేస్తవా అని మేస్త్రీ కొట్లాటకొచ్చిండు. 'దేవునికి తెలుస్తది లే' అన్నడు మా ఆయిన."

గుంపు ఆడవాళ్ళు తలలు ఊపారు. ఆ మేస్త్రీని ఇప్పటికీ వాళ్ళు మర్చిపోలేదని ముఖాలు చూస్తే తెలుస్తోంది.

"నీ లెక్క తప్పు గాదు బిడ్డా" అంది పెద్దమ్మ. "ఆయిన గూడ మొదలు గదే లెక్క జేసిండు. జేసి, నా కోసం తీసిండు. నువ్వు మల్ల పెట్టినవ్."

వేలిముద్ర కాగితం సంచిలోనే ఉండిపోయింది. అడగబుద్ధి కాలేదు. ఆమే అడిగింది. "నేను ఒత్తాలె గద, ఏది?" సరిచేసి తెచ్చాకే ఒత్తమని చెప్పాను. ఆమె "తెస్తవా?" అని మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తెల్లవారి పెద్దసారుకు మొత్తం చెప్పాను. నిశ్శబ్దాలు కోసేసిన సంగతి, "మాట మింగేసింది" అన్న సంగతి, పిలుపుల పట్టిక సంగతి, అన్నీ వరసగా. కాంట్రాక్టు పోతే పోనీ అనుకున్నాను. కానీ అసలు భయం అది కాదు. ఆయన రాసుకున్న ఆ రెండు పేజీలు. రగడ దొరికిందని ఆయన తన పాత సహోద్యోగులందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నారు.

ఆయన చాలాసేపు తన ముందుమాట తిరగేశారు. "అయితే రగడ కాదన్నమాట" అన్నారు మెల్లగా.

"కాదు సార్."

"రగడ కట్టడం తెలిసి, దాన్ని కోసినవాడు." ఎర్ర పెన్ను తీసి రెండు పేజీల్లో దాదాపు అన్నీ కొట్టేశారు. ఒక్క మాట దగ్గర పెన్ను ఆగింది. "'నిర్దోషం' అని రాశాను. ఇది ఉంచుదాం." పెన్ను మూత పెట్టాక నా వైపు చూశారు. "నువ్వు నాతో అబద్ధం ఆడినందుకు నాకు కోపంగానే ఉందయ్యా. ఒకట్రెండు రోజులు మాట్లాడను. ఏమీ అనుకోకు." నిజంగానే రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు టీ చెప్పారు.

అక్క సంగతి వేరు. "యాకప్పా? కట్టిన పేజీలు మళ్ళా ఇప్పాల్నా?" అని ముందు కసిరింది. తర్వాత సంగతంతా విని పని మొదలుపెట్టింది. పదకొండు పిలుపులూ తీసేస్తే కంప్యూటర్ మళ్ళీ తన తెలివి చూపించింది. పొట్టి పాదంలోని మూడు మాటలను సాగదీసి వరస నిండా పరిచింది. అక్క ఒక్కో పాదాన్నీ చేత్తో దగ్గరికి లాగి, కుడివైపు ఖాళీ వదిలింది. ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చింది, ఒక పేజీలో మాటలు రాలిపోయాయని. "రాల్లేదు, ఉంచు" అని చెప్పి పెట్టేసింది. ప్రోగ్రాంలో నేను "లోపాలు" అన్న గడి తీసేసి "అడగవలసినవి" అని పెట్టాను. మీరు ఇప్పుడు చూస్తున్నది అదే. దయచేసి దాని పేరు మార్చకండి. రికార్డింగ్‌లో నిశ్శబ్దం కోసే సదుపాయం కూడా ఆపేశాను. దాన్ని మళ్ళీ తెరవకండి.

సరిచేసిన ప్రూఫు మీద పెద్దమ్మ వేలిముద్ర వేసింది. తర్వాత కొన్నాళ్ళకు పుస్తకం వచ్చింది. మొదటి ప్రతుల్లో ఒకటి తీసుకుని నేనే తెలకపల్లి వైపు పోయాను. ఆ మధ్యాహ్నం కోడలు ఇంట్లో లేదు. పెద్దమ్మ ఒక్కతే చింతపండు గింజలు తీస్తోంది. చేతులు కడుక్కొచ్చి, పుస్తకాన్ని కొంగుతో తుడిచి, ఆయన పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది.

"ఇగ సదువు" అంది.

చదివాను. రాగం రాదు కాబట్టి ఉత్త మాటలే, కానీ జాగ్రత్తగా, ఒక్క అక్షరం తప్పకుండా. మొదటి పాదం, రెండోది, మూడోది. "నీళ్ళకు వచ్చితి నీకడ." కాగితం మీద ఆ పక్కన ఖాళీ తెల్లగా, నేను కోరినట్టే ఉంది. నేను తృప్తిగా రెండో చరణంలోకి వెళ్ళబోయాను.

పెద్దమ్మ నా మోకాలి మీద తట్టింది.

"ఆగు బిడ్డా. తట్ట ఇంక నెత్తిమీదికి రాలే."